ఫ్లోరా అంటే వృక్షజాలమే కదా, మరి వెజిటేషన్‌ని ఏమనాలి?

తర్జుమా_తంటా:
అందరికీ నమస్కారం. చిన్న సందేహమే అనుకున్నాను, మూడు రోజులుగా పని ముందుకు కదలడం లేదు. ఒక దీవిలోని మొక్కల మీద వచ్చిన నివేదికను తెలుగులోకి తెస్తున్నాను. మొదటి అధ్యాయం పేరే 'ఫ్లోరా అండ్ వెజిటేషన్'. నేను 'వృక్షజాలం, వృక్షసంపద' అని రాసి పంపితే, సరిచూసేవారు "రెండూ ఒకటే, ఒకటి కొట్టేయండి" అని వెనక్కి పంపారు.

కొట్టేద్దును గానీ, నాలుగో పేజీలో "ఇరవై ఏళ్లలో దీవి ఫ్లోరా పెద్దగా మారలేదు, వెజిటేషన్ మాత్రం పూర్తిగా మారిపోయింది" అని ఒక వాక్యం ఉంది. ఇప్పుడు దీన్నేం చేయాలి? "వృక్షజాలం మారలేదు గానీ వృక్షజాలం మారిపోయింది" అని రాస్తే చదివేవాళ్లు నన్ను తిడతారా, దీవిని తిడతారా?

అసలు ఈ రెండు మాటలకీ తేడా ఏమిటో, మన భాషలో దాన్ని ఎలా చూపిస్తారో కాస్త చెప్పండి. టెన్షన్‌గా ఉంది, గడువు దగ్గర పడింది.

మొగలిరేకు:
ఫ్లోరా అంటే మొక్కలు, ఫానా అంటే జంతువులు. బళ్లో ఇంతే చెప్పారు. దీనికి మూడు రోజులా అండీ :)

సుద్దముక్క:
మొగలిరేకు గారూ, బళ్లో ఆ ముక్క చెప్పేది మాలాంటివాళ్లమే. తప్పు చెప్పలేదు గానీ సగమే చెప్పాం.

తంటా గారూ, నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఇది. తరగతి హాజరుపట్టీ చూడండి. అందులో ఎవరెవరు ఉన్నారో పేర్లుంటాయి. అది ఫ్లోరా. ఇప్పుడు తలుపు తీసి గదిలోకి చూడండి. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ముందు బెంచీల్లో కిక్కిరిసి ఉన్నారా, వెనకంతా ఖాళీయా, పొడుగువాళ్లెందరు, పొట్టివాళ్లెందరు. అది వెజిటేషన్. పట్టీలో పేర్లు ఒక్కటి మారకుండానే గది రూపం మొత్తం మారిపోవచ్చు. మీ నాలుగో పేజీ వాక్యం చెప్తున్నది అదే.

తర్జుమా_తంటా:
అబ్బ, ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఒక్క అనుమానం. హాజరుపట్టీలో అందరి పేర్లూ ఉంటాయి కదా. ఫ్లోరాలో కూడా ఒక్కో మొక్కకీ లెక్క ఉంటుందా, లేక రకానికి ఒక పేరేనా?

గరికపోచ:
రకానికి ఒకటే. ఆ పోలిక అక్కడ కొంచెం జారుతుంది, సుద్దముక్క గారు ఏమీ అనుకోకపోతే.

వృక్షశాస్త్రం చదివి, చెప్పి, ఇప్పుడు ఊరికే చెట్లు చూసుకుంటున్న మనిషిని కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఫ్లోరా అంటే ఒక ప్రదేశంలో గానీ, ఒక కాలంలో గానీ ఉన్న మొక్క జాతులన్నీ. గరిక పది కోట్ల పోచలున్నా ఒక జాతే, ఎక్కడో బండ సందున ఒకే ఒక్క మొక్క ఉన్నా అదీ ఒక జాతే. జాబితాలో రెండూ సమానం. వెజిటేషన్‌లో అలా కాదు. అక్కడ గరికే రాజు, బండ సందు మొక్కను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేలను ఎంత మేర కప్పింది, ఎంత ఎత్తు, ఎన్ని అంతస్తులు, ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నదే అక్కడ ప్రశ్న. అడవి, గడ్డిమైదానం, పొదల నేల, మడ అడవి అని మనం అనేవన్నీ వెజిటేషన్ పేర్లే. వాటిలో ఏ జాతులున్నాయో ఆ పేర్లు చెప్పవు.

అంటార్కిటికా దీనికి మంచి ఉదాహరణ. ఆ ఖండానికి సొంతమైన పూలమొక్కలు రెండే రెండు. ఒకటి గడ్డి, దాని పేరు డెషాంప్సియా అంటార్కిటికా. రెండోది దిండులా గుబురుగా పెరిగే కొలొబాంతస్ క్విటెన్సిస్. పూలమొక్కల వరకూ ఫ్లోరా రాయాలంటే రెండు లైన్లతో పని అయిపోతుంది. కానీ అక్కడ మంచు లేని నేల మీద పచ్చగా కనిపించేదంతా చాలా చోట్ల నాచులు, లైకెన్లే. అంటే వెజిటేషన్ రాయాలంటే ఆ రెండు మొక్కలూ దాదాపు పక్కకే పోతాయి.

మీ దీవిలో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను. అడవి నరికారు, పొదలు కమ్మాయి, కానీ పాత జాతులన్నీ మూలమూలలా ఇంకా బతికే ఉన్నాయి. జాబితా అదే, నేల రూపం వేరు.

తర్జుమా_తంటా:
అక్షరాలా అదే జరిగింది! మేకలు కూడా ఒక కారణమట.

డేగకన్ను:
ఉపగ్రహ చిత్రాలతో పనిచేసేవాణ్ణి. మా వైపు నుంచి ఒక మాట.

మేం పైనుంచి చూసేది వెజిటేషన్‌నే. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్రటి కాంతిని పీల్చుకుంటుంది, కంటికి కనపడని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఈ రెంటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే మైనస్ 1 నుంచి 1 దాకా ఒక అంకె వస్తుంది. దాన్ని ఎన్‌డీవీఐ అంటారు. అందులో 'వీ' అంటే వెజిటేషన్. అంకె ఎంత పెద్దదైతే పచ్చదనం అంత దట్టం. అయితే ఆ పచ్చదనం మూడు వందల జాతుల అడవిదా, ఒకే జాతి తోటదా అన్నది ఆ అంకె చెప్పదు. అది తెలియాలంటే గరికపోచ గారిలాంటివాళ్లు కింద నడవాల్సిందే.

ఎవరైనా 'ఉపగ్రహం ద్వారా వృక్షజాలం కొలిచారు' అని రాస్తే నాకు చిరాకు. కొలిచింది పచ్చదనాన్ని.

పాతపుస్తకం:
మాటల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను దూరుతున్నాను.

'జాలం' అంటే సంస్కృతంలో వల. దాన్నుంచే గుంపు, సమూహం అనే అర్థం వచ్చింది. కిరణజాలం, అంతర్జాలం మనకు తెలిసినవే. ఈ చర్చకు అసలు పనికొచ్చేది ఇంకొకటుంది: పదజాలం. ఒక భాషలో గానీ ఒక రంగంలో గానీ ఉన్న మాటలన్నీ కలిపి పదజాలం. ఒక చోట ఉన్న మొక్క జాతులన్నీ కలిపి వృక్షజాలం. కట్టుబడి ఒకటే.

ఇప్పుడు తంటా గారి సమస్య చూడండి. పదజాలం వేరు, ఆ మాటలతో రాసిన వ్యాసం వేరు. వ్యాసంలో ఒక మాట వందసార్లు రావచ్చు, ఇంకోటి ఒక్కసారే రావచ్చు. అదే పదజాలంతో ఇంకో వ్యాసం రాయొచ్చు. ఫ్లోరా పదజాలం లాంటిది, వెజిటేషన్ నేల మీద రాసి ఉన్న వ్యాసం లాంటిది. రకానికి ఒకటే పేరు అన్న గరికపోచ గారి మాట కూడా ఇందులో ఇమిడిపోతుంది. నిఘంటువులో ఏ మాటకైనా ఒకటే ఆరోపం, అంటే ఒకటే పద్దు.

సుద్దముక్క:
హాజరుపట్టీ ఉపసంహరించుకుంటున్నాను. రేపటి నుంచి క్లాసులో ఇదే చెప్తా.

గరికపోచ:
చాలా బావుంది పాతపుస్తకం గారూ. దీంతో రోజూ చూసే కొన్ని తప్పులు కూడా తేలిపోతాయి. "ఒక అరుదైన వృక్షజాలం కనిపించింది" అని రాస్తారు. ఒక మాట కనిపిస్తే "ఒక పదజాలం కనిపించింది" అంటామా? అరుదైన మొక్క కనిపించింది, అంతే. "ఈ కొండ మీద 800 వృక్షజాలాలు ఉన్నాయి" అన్నదీ అంతే. 800 మొక్క జాతులు ఉన్న ఒక వృక్షజాలం అది. బహువచనం అసలే కుదరదని కాదు. రెండు దీవులను పక్కపక్కన పెట్టి "ఈ రెండు వృక్షజాలాలకీ పోలికలున్నాయి" అనొచ్చు.

జాతి అన్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. తెలుగు పాఠ్యపుస్తకాల్లో జాతి అంటే స్పీషీస్, ప్రజాతి అంటే జీనస్. హిందీలో ప్రజాతి అంటేనే స్పీషీస్. హిందీ మీదుగా అనువాదం చేసేవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు, చూసుకోండి.

మొగలిరేకు:
సరే, నేను మొదట్లో వేళాకోళం చేసినందుకు సారీ. కానీ ఒక నిజమైన సందేహం. వృక్షం అంటే చెట్టు కదా? గడ్డి చెట్టు కాదు, తీగ చెట్టు కాదు, నాచు అసలే కాదు. వృక్షజాలం అంటే చెట్లు మాత్రమే అనిపిస్తుంది నాకు. 'మొక్కజాలం' అనాలి కదా?

పాతపుస్తకం:
మంచి ప్రశ్న. 'మొక్కజాలం' అంటే తెలుగుమాటకు సంస్కృతం తోక తగిలించినట్టు ఉంటుంది, చెవికి గరగరమంటుంది. అది నా చాదస్తం అనుకున్నా సరే.

పాతవాళ్లకి ఈ తేడాలు బాగా తెలుసు. అమరకోశం పండిపోగానే చచ్చిపోయే మొక్కను ఓషధి అంది. పువ్వు పూసి కాయ కాసేది వానస్పత్యం, పువ్వు కనపడకుండానే కాసేది వనస్పతి. మేడి, మర్రి లాంటివి వనస్పతులన్నమాట. (పువ్వు లేక కాదు, కాయలా కనపడే దాని లోపలే దాక్కుని ఉంటుంది. అది తర్వాతి కథ.) ఇవి కాక గుల్మం, లత, తృణం ఎలాగూ ఉన్నాయి. ఇన్నింటినీ కలిపి పిలవడానికి ఉన్న మాటల్లో నాకు ఇష్టమైనవి రెండు. ఒకటి పాదపం, అంటే పాదాలతో తాగేది. వేళ్లతో నీళ్లు తాగుతుందని అంత చక్కగా చెప్పిన మాట ఇంకోటి లేదు. రెండోది ఉద్భిజ్జం, నేలను చీల్చుకుని పుట్టేది. గర్భం నుంచి పుట్టే జరాయుజాలు, గుడ్డులోంచి పుట్టే అండజాలు, చెమట నుంచి పుడతాయనుకున్న స్వేదజాలు, వాటి వరసలో నాలుగోది ఉద్భిజ్జం. ఐతరేయోపనిషత్తులో ఈ నాలుగూ వస్తాయి. అందులో చెట్టూ గడ్డీ తేడా లేదు. నేలను చీల్చుకుని వస్తే చాలు.

ఇక వృక్షం అన్న మాటకు యాస్కుడు నిరుక్తంలో చెప్పిన వ్యుత్పత్తి 'నరకబడేది' అని. వినగానే కాస్త దిగులేస్తుంది.

సూక్ష్మదర్శిని:
మొగలిరేకు గారి ప్రశ్నకి నా జవాబు ఒక్క మాటలో: వృక్షప్లవకాలు.

సముద్రం నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే జీవులు. చాలావాటిని చూడాలంటే సూక్ష్మదర్శిని కావాలి. వాటి పేరులోనూ 'వృక్ష' ఉంది. అవి చెట్లని ఎవరైనా అనుకున్నారా? శాస్త్ర పరిభాషలో మాటకు ముందు వచ్చే 'వృక్ష' ఏనాడో చెట్టును వదిలేసి 'మొక్కలకు సంబంధించిన' అనే అర్థానికి వచ్చేసింది. వృక్షశాస్త్రం గడ్డిని వదిలేయలేదు కదా.

గరికపోచ:
దానికి తోడు, ఫ్లోరా అన్న మాట మాత్రం ఏమంత న్యాయంగా ఉందని! లాటిన్‌లో ఫ్లోస్ అంటే పువ్వు. ఫ్లోరా రోమన్లకు పూల దేవత, వసంత దేవత. ఆవిడ పేరు మీద ఏప్రిల్ చివర్లో ఫ్లొరాలియా అనే పండగ చేసేవారు. మరి పువ్వే లేని ఫెర్న్‌లు, నాచులు, పైన్ చెట్లు ఫ్లోరాలో ఎలా ఉన్నాయి? వాళ్లు పువ్వును పట్టుకుని మొక్కలన్నింటికీ పేరు పెట్టారు, మనం చెట్టును పట్టుకుని పెట్టుకున్నాం. రెండూ భాగం పేరు చెప్పి మొత్తాన్ని పిలవడమే.

ఆ దేవత పేరు శాస్త్రంలోకి రావడం కూడా పుస్తకాల పేర్లుగానే మొదలైంది. డెన్మార్క్ మొక్కల మీద సైమన్ పౌలీ అనే వైద్యుడు 1648లో వేసిన పుస్తకం పేరు ఫ్లోరా డానికా. ఒక దేశపు మొక్కల పుస్తకానికి ఫ్లోరా అని పేరు పెట్టిన తొలి రోజులవి. కానీ ఆ పేరుకి గట్టి ఊతం ఇచ్చింది జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. 1732లో పాతికేళ్ల వయసులో లాప్‌లాండ్ అంతా తిరిగొచ్చి, 1737లో ఫ్లోరా లప్పోనికా అచ్చువేశాడు. తర్వాత 1745లో స్వీడన్ మొక్కల మీద ఫ్లోరా స్యూసికా, మరుసటేడే జంతువుల మీద ఫానా స్యూసికా. మొగలిరేకు గారు బళ్లో చదివిన ఫ్లోరా ఫానా జంట స్థిరపడటంలో ఈయన చేయి చాలా ఉంది. ఫానా కూడా రోమన్ దేవతే, ఫానస్ అనే దేవుడికి చెల్లెలో భార్యో.

తర్జుమా_తంటా:
అమ్మో, పుస్తకం పేరు అన్నారు కదా, నా నివేదికలో ఇంకో చిక్కు ఉంది. "ఈ జాతి ఫ్లోరాలో లేదు" అని ఒక చోట ఉంది. ఇంగ్లీషులో అక్కడ పెద్ద ఎఫ్ వేశారు. నేను "ఈ జాతి ఇక్కడి వృక్షజాలంలో లేదు" అని రాసేశాను. తప్పేనా?

గరికపోచ:
తప్పే! అర్థం తిరగబడిపోయింది. పెద్ద ఎఫ్ అంటే ఆ దీవి మొక్కల మీద వచ్చిన పుస్తకం. ఆ మొక్క పుస్తకంలోకి ఎక్కలేదు అంటున్నారు. అంటే దీవిలో ఇప్పుడు కొత్తగా దొరికింది అని చెప్పడానికి రాసిన వాక్యం. మీరేమో అది దీవిలోనే లేదన్నారు.

తర్జుమా_తంటా:
😳 ఈ వాక్యం ఇప్పటికే అచ్చుకు వెళ్లి ఉంటే... బతికిపోయాను.

పాతపుస్తకం:
మన లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం లేవు కాబట్టి ఈ తేడా కళ్లకు కనపడదు. మాటల్లోనే చూపాలి. పదజాలం వేరు, నిఘంటువు వేరు. అలాగే వృక్షజాలం వేరు, వృక్షజాల గ్రంథం వేరు. నిఘంటువులో లేనంత మాత్రాన భాషలో ఆ మాట లేదని కాదు కదా. 'వృక్షకోశం' అంటే ఎలా ఉంటుంది?

సూక్ష్మదర్శిని:
కోశం అంటే మాకు సంచి. గర్భకోశం, మూత్రకోశం. వృక్షకోశం అంటే చెట్టులో ఏదో తిత్తి అనుకుంటారు.

పాతపుస్తకం:
అమరకోశం సంచి కాదుగా అండీ :)

సుద్దముక్క:
'వృక్షజాల గ్రంథం' చాలు. పొడుగే గానీ పొరపాటు పడే వీల్లేదు.

ఇంతకీ ఆ పుస్తకాల్లో ఏముంటుంది గరికపోచ గారూ? పేర్ల జాబితానేనా?

గరికపోచ:
జాబితా మాత్రమే అయితే దాన్ని చెక్‌లిస్ట్ అంటారు. అసలైన ఫ్లోరా పుస్తకంలో ప్రతి జాతికీ వర్ణన, ఎక్కడ దొరుకుతుంది, ఎప్పుడు పూస్తుంది లాంటివి ఉంటాయి. వాటన్నింటికంటే ముఖ్యం, చేతిలో ఉన్న మొక్క పేరు కనుక్కోవడానికి 'కీ' ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్నాయా? ఎదురెదురైతే 7కి వెళ్లు, కాకపోతే 12కి వెళ్లు. ఇలా ప్రతి మెట్టులో రెండు దార్లు. చివరికి పేరు దగ్గర తేలతారు, లేదా తప్పిపోయి మళ్లీ మొదటికి వస్తారు. నేను తప్పిపోయినన్ని సార్లు ఎవరూ తప్పిపోయి ఉండరు. పెళ్లయిన కొత్తలో ఒక తుంగను పట్టుకుని రాత్రి రెండింటిదాకా కూర్చుంటే ఇంట్లోవాళ్లు భయపడ్డారు. తుంగలు అంతే, కాయ దొరక్కపోతే పేరు చెప్పవు.

ఈ రెండు దార్ల పద్ధతిని ఒక దేశపు మొక్కలన్నింటికీ పనికొచ్చేలా వాడి పేరు తెచ్చిన పుస్తకం ఫ్రాన్స్ మొక్కల మీద లామార్క్ 1778లో వేసినది. అవును, జిరాఫీ మెడ లామార్కే. ఆయన మొక్కలతోనే మొదలయ్యాడు.

పెద్ద ఫ్లోరాలు ఒక మనిషి జీవితంలో అవ్వవు. 1761లో మొదలైన ఇంకో ఫ్లోరా డానికా, ఒక్కో మొక్కకీ బొమ్మ చెక్కుతూ 1883లో గానీ పూర్తవలేదు. 122 ఏళ్లు.

మొగలిరేకు:
మా ప్రాజెక్టు గడువు గురించి ఇక ఏడవను.

సూక్ష్మదర్శిని:
ఇక నా గోల వినండి. మా రంగంలో ఫ్లోరా అన్న మాట పెద్ద తలనొప్పి. ఆరోగ్యం గురించిన ఒక వ్యాసంలో 'గట్ ఫ్లోరా'కి 'పేగుల్లోని వృక్షజాలం' అని అచ్చులో చూశాను. చదివినవాళ్లు కడుపులో చెట్లు మొలిచాయనుకోరా?

చిత్రమేమిటంటే అనువాదకుడి తప్పు అందులో సగమే. మిగతా సగం చరిత్రది. సొంతంగా సూక్ష్మదర్శినులు చేసుకున్న డచ్చి ఆయన లేవెన్‌హుక్ 1683లో పళ్ల మీది పాచిలో కదిలే సూక్ష్మజీవులను చూసి చిన్న జంతువులనుకున్నాడు. 19వ శతాబ్దానికి వచ్చేసరికి అభిప్రాయం మారింది. 1857లో నేగెలి అనే వృక్షశాస్త్రవేత్త వీటికి పెట్టిన పేరుకు అర్థం 'చీలే శిలీంధ్రాలు' (శిలీంధ్రాలంటే ఫంగస్‌లు, బూజులూ పుట్టగొడుగులూ). అప్పటి లెక్కలో శిలీంధ్రాలు మొక్కలే, కాబట్టి బ్యాక్టీరియా కూడా మొక్కల జాబితాలో చేరింది. శరీరంలో ఉండే బ్యాక్టీరియాకి ఫ్లోరా అన్న పేరు అలా అతుక్కుంది. తర్వాత వర్గీకరణ మారినా పేరు ఊడిరాలేదు. ఇప్పుడు మైక్రోబయోటా అంటున్నారు. తెలుగులో 'పేగుల్లోని సూక్ష్మజీవులు' అంటే హాయిగా సరిపోతుంది. సమాసం కావాలంటే సూక్ష్మజీవజాలం. ఆ వృక్షాన్ని మాత్రం కడుపులోంచి పీకేయండి.

సుద్దముక్క:
మరి పుట్టగొడుగులు? పాఠంలో వాటిని మొక్కల పక్కనే పెడతాం.

సూక్ష్మదర్శిని:
1969లో విట్టేకర్ అయిదు రాజ్యాల వర్గీకరణలో శిలీంధ్రాలకు సొంత రాజ్యం ఇచ్చాడు. వంశవృక్షం ప్రకారం చూస్తే అవి మొక్కల కంటే జంతువులకే దగ్గర చుట్టాలు. ఎండతో ఆహారం చేసుకోవు, వాటి కణాల గోడల్లో ఉండే కైటిన్ పురుగుల పెంకులోనూ ఉంటుంది. అందుకే ఫ్లోరా, ఫానా పక్కన ఇప్పుడు 'ఫంగా' అనే మూడో మాట వచ్చింది. ఒక చోటి శిలీంధ్ర జాతులన్నీ కలిపి ఫంగా. 2018లో కొందరు శాస్త్రవేత్తలు ఈ మాటను స్థిరపరచాలని వ్యాసం రాశారు. 2021లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్‌లోని జాతుల మనుగడ కమిషన్ కూడా మూడింటినీ కలిపి వాడమని కోరింది. తెలుగులో శిలీంధ్రజాలం అంటే చాలు, కొత్తగా కష్టపడక్కర్లేదు.

గరికపోచ:
అయినా పాత కాపురం పూర్తిగా విడిపోలేదు లెండి. శాస్త్రీయ నామాలు పెట్టే నియమావళి మొక్కలకీ శిలీంధ్రాలకీ శైవలాలకీ (ఆల్గే) ఇప్పటికీ ఒకటే. 2011లో మెల్‌బోర్న్ సమావేశంలో దాని పేరులోంచి 'వృక్షశాస్త్ర' అన్న మాట తీసేసి, మూడింటి పేర్లూ పెట్టారు. పేరు మార్చారు, ఇల్లు మార్చలేదు.

శైవలాల సంగతీ అంతే. సముద్రంలో అడవుల్లా పెరిగే కెల్ప్ గోధుమరంగు శైవలం. కచ్చితంగా చూస్తే మొక్కల రాజ్యంలోదే కాదు. అయినా సముద్ర ఫ్లోరా రాసేవాళ్లు దాన్ని వదలరు, వదిలితే పుస్తకంలో మిగిలేది కొంచెమే.

డేగకన్ను:
విషయం పక్కదారి పడుతోంది గానీ నాకూ ఒకటి అడగాలనుంది. 'ఫ్లోరల్ కింగ్‌డమ్' అంటే 'వృక్ష రాజ్యం' అని ఒక మ్యాపులో చూశాను. వృక్ష రాజ్యం అంటే జీవుల వర్గీకరణలో మొక్కల రాజ్యం 'ప్లాంటే' (Plantae) కదా?

గరికపోచ:
అవును, ఆ మ్యాపు గీసినవాళ్లు రెండు రాజ్యాలను కలిపేశారు. వర్గీకరణలో వృక్ష రాజ్యం అంటే భూమ్మీది మొక్కలన్నీ. ఫ్లోరల్ కింగ్‌డమ్ అంటే భూమినే ఫ్లోరాను బట్టి విడగొట్టిన ముక్క. సాధారణంగా ఇలాంటివి ఆరు అంటారు. వాటిలో అన్నింటికంటే చిన్నది దక్షిణాఫ్రికా కొసన ఉన్న కేప్. అంత చిన్న మేరలో సుమారు 9,000 మొక్క జాతులు, వాటిలో మూడింట రెండు వంతులు ఇంకెక్కడా పెరగనివి. దీన్ని నేనైతే 'వృక్షజాల మండలం' అంటాను. రాజ్యం అన్న మాట జోలికి పోకపోతే గొడవ లేదు.

ఫ్లోరాకి చోటే కాదు, కాలమూ హద్దు కావచ్చని మొదట్లో అన్నాను కదా. గ్లోసోప్టెరిస్ ఫ్లోరా అలాంటిదే. పెర్మియన్ కాలంలో, అంటే సుమారు 30 కోట్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందట, దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్నప్పుడు వాటి మీద పెరిగిన మొక్కల సముదాయం. పేరుకు 'నాలుక ఫెర్న్' అని అర్థం. ఆకు నాలుకలా ఉంటుంది, కానీ ఫెర్న్ కాదు, విత్తనాల మొక్క. ఇవే ఆకుల శిలాజాలు దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల్లో దొరకడం ఖండాలు కదిలాయనడానికి పెద్ద సాక్ష్యమైంది. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ చనిపోయిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ఉంది. నడవలేని స్థితిలో కూడా ఆ బరువును పారేయలేదు వాళ్లు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒక నిమిషం మాట రాదు.

ఇందాక పూలమొక్కలు రెండే అన్న ఖండం ఇదే. ఒకప్పుడు అక్కడ అడవులు.

కాపలాదారు:
(నిర్వాహకుడి గమనిక) శిలీంధ్రాల మీద వచ్చిన మరో పదకొండు జాబులను వేరే చర్చకి తరలించాను. ఇక్కడ తంటా గారి వెజిటేషన్‌కి ఇంకా ఎవరూ మాట చెప్పలేదని గుర్తుచేస్తున్నాను.

తర్జుమా_తంటా:
నా మనసులో మాట చెప్పారు. ఫ్లోరా తేలింది, పెద్ద ఎఫ్ తేలింది. వెజిటేషన్‌కి 'వృక్షసంపద' ఉంచనా?

మొగలిరేకు:
సంపద అంటే విలువైనది కదా. వయ్యారిభామ, గుర్రపుడెక్క కూడా సంపదేనా?

పాతపుస్తకం:
ఈ అబ్బాయి (లేక అమ్మాయి) పైకొస్తారు.

నిజమే. సంపద అనగానే అది మనకు ఉపయోగపడేది అన్న లెక్క వచ్చేస్తుంది. చెరువంతా గుర్రపుడెక్క కమ్మితే వెజిటేషన్ దట్టంగా ఉన్నట్టే, దాన్ని సంపద అంటే చెరువుకి కోపం వస్తుంది. భూగోళం పుస్తకాల్లో 'సహజ ఉద్భిజ్జ సంపద' అని వాడుతూ వచ్చారు. అందులో సంపద తీసేసి 'ఉద్భిజ్జాలు' అంటే నాకు సమ్మతమే. కానీ ఎంతమందికి అర్థమవుతుంది?

సుద్దముక్క:
పిల్లలు ఉద్భిజ్జం పలకలేరు. రాయనూ లేరు. నా పదేళ్ల అనుభవం.

డేగకన్ను:
మేం మాలో మేం 'పచ్చదనం' అనేస్తాం. ఎండిపోయిన గడ్డి మైదానం పచ్చగా ఉండదు, అదొక్కటే ఇబ్బంది. అదీ వెజిటేషనే.

గరికపోచ:
ప్రతి చోటా ఒకే మాట పెట్టాలన్న పట్టుదల ఎందుకు? వాక్యం ఏం చెప్తోందో చూసుకోండి. నేల ఎంత కప్పి ఉందని అంటే 'మొక్కల కప్పు'. అడవా, గడ్డా, పొదలా అని అంటే ఆ పేరే నేరుగా రాయండి. అధ్యాయం పేరు లాంటి చోట తప్పదు కాబట్టి ఒక మాట ఎంచుకుని, దాని అర్థం ఒకసారి చెప్పేయండి.

తర్జుమా_తంటా:
(రెండు రోజుల తర్వాత)
అందరికీ ధన్యవాదాలు. పంపేశాను. సరిచూసేవారు వృక్షజాలం, వృక్షజాల గ్రంథం రెండూ ఒప్పుకున్నారు. అధ్యాయం పేరులో 'మొక్కల కప్పు' మాత్రం "ఇంటి కప్పులా ఉంది" అని కొట్టేసి మళ్లీ వృక్షసంపద పెట్టారు. గొడవపడే ఓపిక లేక ఊరుకున్నాను, కానీ అధ్యాయం మొదట్లో వివరణగా నాలుగు ముక్కలు ఇరికించాను. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

పాతపుస్తకం:
ఆ నాలుగు ముక్కలూ ఇక్కడ పెట్టండి, చూద్దాం.

తర్జుమా_తంటా:
"ఈ దీవిలో ఏయే మొక్క జాతులు ఉన్నాయో వాటన్నింటినీ కలిపి వృక్షజాలం అంటున్నాం. అవి నేల మీద ఎక్కడ, ఎంత దట్టంగా, ఏ రూపంలో పరుచుకుని ఉన్నాయో దాన్ని వృక్షసంపద అంటున్నాం. పనికిరాని మొక్కలు కూడా ఇందులో ఉంటాయి. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న జాతులు దాదాపు అన్నీ ఇప్పటికీ ఉన్నాయి. అడవి మాత్రం పొదల నేలగా మారింది."

మొగలిరేకు:
"పనికిరాని మొక్కలు కూడా" అన్న ముక్క నాదే కదా :)

గరికపోచ:
నీదే. అయితే పనికిరాని అని కొట్టేసి 'కలుపు' అని రాయిస్తే ఇంకా నయం. పనికిరాని మొక్క నాకింతవరకూ కనపడలేదు.